అబిగయీలు పలక

మెట్ల పక్కన పడి ఉన్న చెక్కముక్క మీద జకరయ్య మూడు పట్టీలు పూసి ఆరబెట్టాడు. ఒకటి వేరుశనగ పొట్టు రంగు. ఇంకొకటి వేయించిన చింతగింజ రంగు. మూడోదానికి రంగే లేదు. ఉత్త తేట సీలరు, చెక్కని నీళ్ళు తాగనీయని పూత. ఇప్పుడే తడిపిన చెక్కలా మెరుస్తోంది. రిసార్టు వాణి మేడమ్ రేపు కావలి నుంచి వచ్చి వీటిలో ఒకటి ఎంచుకుంటుంది. ఈలోగా డెక్కంతా గీరి నున్నగా చేసి పెట్టాలి.

బోగోలు తీరంలో, సర్వితోపును ఆనుకుని ఉంది ఆ రిసార్టు. భోజనాల హాలు ముందు, సముద్రం వైపుకి వేసిన డెక్కు అది. పలకలన్నీ పాత పడవలు పగలగొట్టినప్పుడు వచ్చినవే. ఫైబరు బోట్లు వచ్చాక చెక్క పడవలు ఇసుకలో పడి ఎండుతుంటే, మేడమ్ వాటిని కొనిపించి, కోయించి, పరిపించింది. ఒక్కో పలక మీద ఒక్కో పడవ రంగు. నీలం, పచ్చ, ఎరుపు, పొర మీద పొర. మధ్యభాగం మిషనుతో గీరుతున్నారు. మిషను ఆనని అంచుల దగ్గర, మెట్ల దగ్గర చేత్తోనే గీరాలి. ఆ పని షారన్‌దీ మగ్దలీనమ్మదీ.

షారన్ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, చెక్కదిమ్మకి చుట్టిన ఉప్పుకాగితంతో మోకాళ్ళ మీద వంగి రుద్దుతోంది. రుద్దే చెయ్యి పలక మీదున్నా కళ్ళు మాత్రం సర్విచెట్ల కింద చాప మీదే ఉన్నాయి. అక్కడ కూతురు అబి గవ్వలు పేర్చుకుంటోంది. ఇవాళ అంగన్‌వాడీ లేదు. గాలి ఇటునుంచి అటు తిరిగినట్టు అనిపించగానే షారన్ లేచి పరుగున పోయి, చాపతో సహా బిడ్డను ఇంకో చెట్టు కిందికి జరిపి వచ్చింది. పొద్దుట్నుంచీ ఇదే పని.

"అదేమన్నా కోడిగుడ్డా మే, ఊరికే లేచి లేచి పోయి తిప్పి పెడతా ఉండావు?" అంది మగ్దలీనమ్మ.

"ఈ రంగుపొడి పీలిస్తే దగ్గొస్తాదంట అక్కా."

"నువ్వూ నేనూ పీల్చడంలా? మనకి రాని దగ్గు దానికి వస్తాదా?"

"మనం వేరు. దాని రొమ్ము ఎంతుండాది చెప్పు, పిడికెడు."

మగ్దలీనమ్మ నవ్వి తన పలక తను గీరుకుంది. షారన్ మళ్ళీ వంగింది. మెట్లు దిగే చోట మొదటి పలక అది. దాని మీదున్న నీలం రంగు పెచ్చుల్లా లేస్తోంది. ఉప్పుకాగితం కింద నీలం పొడి రాలుతుంటే ఒకచోట పసుపు కనిపించింది. ఇంకో పొర కాబోలు అనుకుని రెండు మార్లు రుద్దింది. ఆ పసుపు వంకర తిరిగింది. వంకర పక్కన సన్నగా ఎర్రటి గీత. ఎడమవైపు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

అక్షరానికి నీడగీత అందరూ కుడివైపు వేస్తారు. పడవలకి పేర్లు రాసే ఆండ్రూది ఎడమచేతి వాటం, అందుకని అతని అక్షరాలకి నీడ ఎడమవైపే పడేది. "నీకొక్కడికి సూర్యుడు పడమట పొడుస్తాడా అబ్బయ్యా," అని పడవలవాళ్ళు ఎగతాళి చేస్తే, "నా సూర్యుడు నా ఇష్టం," అనేవాడు.

షారన్ ఉప్పుకాగితం పక్కన పెట్టేసింది. ముక్కుకి కట్టుకున్న తడిగుడ్డ విప్పి పలక మీద వేసి నొక్కింది. నీలం మెత్తబడ్డాక బొటనవేలి గోరుతో కొంచెం కొంచెంగా లేపింది. గ. దాని పక్కన యీ. వెనక్కి జరిగి గీకితే బి. ఆ ముందు అ. చివర లు. గోటి సందున నీలం ఇరుక్కుని మండుతోంది.

"ఏంది మే అది?" మగ్దలీనమ్మ వంగి చూసింది. ఆమెకు చదువు రాదు.

"అబి పేరు."

"అబి పేరు ఈడ ఎవురు రాసినారు?"

"వాళ్ళ నాయన."

మగ్దలీనమ్మ చేతిలో దిమ్మ కింద పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా, "అయితే ఇది చిన్నపోలయ్య పడవ. వలలు ఉత్తవి వస్తా ఉండాయని దాని పేరు మార్చుకున్నాడు గదా ఆ యేడు. ఏం పేరు రాయమంటావురా పోలయ్యా అంటే ఆయన ఆలోచిస్తా నిలబడినాడంట. ఆండ్రూ కుంచె ముంచుకోని, 'నాకు శుక్రవారం కూతురు పుట్టింది, దాని పేరు రాస్తా, కాదంటే నీ పడవకి పేరే ఉండదు' అన్నాడంట. రేవంతా నవ్వుకున్నారు," అంది.

షారన్ తల ఊపింది. ఆ పడవను పోలయ్య తర్వాత ఎవరికో అమ్మాడు. కొన్నవాళ్ళు దానికి నీలం వేసుకున్నారు. ఆండ్రూ హైవే మీద యాక్సిడెంటులో పోయి మూడేళ్ళయింది. అతను రాసిన బోర్డులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. మంగలిషాపుకి ఫ్లెక్సీ వచ్చింది, బడిగోడకి సున్నం కొట్టారు, గుడి ముందు నల్లరాయి పెట్టి దాని మీద మిషనుతో చెక్కించారు. బిడ్డకి 'ఇదీ మీ నాయన రాత' అని చూపించడానికి ఊళ్ళో ఒక్క అక్షరం లేదు. పొద్దుటిదాకా లేదు.

జకరయ్య మిషను వైరు చుట్టుకుంటూ వచ్చాడు. ముసలాయన. పడవలు కట్టిన చేతులు. ఇప్పుడు ఇట్లాంటి పనులు చేస్తున్నాడు.

"మామా, దీని మీద మిషను పెట్టబాక," షారన్ పలక మీద రెండు చేతులూ పరిచింది.

ఆయన చూశాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని మళ్ళీ చూశాడు. "ఎడమ నీడ," అన్నాడు.

"రేపు రంగేస్తే?"

"మేడమ్‌కి చింతగింజ రంగు మీద మనసు. అది మందం రంగు మే. వేస్తే దీని మాట దేవుడెరుగు, పలక పుట్టుకే కనపడదు."

"తేటది వేస్తే?"

"తేటది వేస్తే ఉన్నది ఉన్నట్టుంటాది. కాకపోతే ఎండకి ఆగదు. ఏడాదికొక మారు మళ్ళీ వేసుకోవాల. రంగుండేది అయితే ఎండని అదే తింటాది, చెక్కని తిననీదు."

"ఏడాదికొక మారు నేనే వేస్తా మామా. ఊరికే వేస్తా."

"నాతో చెప్తే ఏమొస్తాది? ఆ మాట మేడమ్‌తో చెప్పు," అన్నాడు జకరయ్య.

*

మేడమ్‌తో చెప్పాలి. రాత్రి అన్నం తినేటప్పుడూ, తెల్లారి బిడ్డకి జడ వేసేటప్పుడూ షారన్ ఆ మాటలే కూర్చుకుంది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించినప్పటి నుంచీ ఆమెకు ఒకటే భయం. చదువుకున్నవాళ్ళ ముందు నోరు తెరిస్తే మాటలో ఎక్కడో తప్పు దొర్లుతుందని.

వాణి వచ్చి చెప్పులు విడవకుండానే డెక్కు మీద ఆ మూల నుంచి ఈ మూలకి నడిచింది. మనిషి మంచిది. పనివాళ్ళని పేర్లు పెట్టి పిలుస్తుంది, టీ తాగారా అని అడుగుతుంది. చెక్కముక్క దగ్గర ఆగి, చేతిలో ఉన్న సీసాలో నీళ్ళు మూడు పట్టీల మీదా ఒంపింది. మూడింటి మీదా నీళ్ళు ముత్యాల్లా నిలబడ్డాయి, చెక్క తాగలేదు.

"మూడూ నీళ్ళకి ఆగుతాయి, బావుంది. నేనైతే ఇదే అనుకున్నా జకరయ్యా," అని ఫోనులో ఒక ఫోటో చూపించింది. "ఈ డార్క్ వాల్‌నట్. మన డబ్బాలో ఇదే కదా?"

"అదేనమ్మా. సముద్రం పక్కన మన్నేది కూడా అదే," అన్నాడు జకరయ్య. అనేసి షారన్ వైపు చూశాడు.

షారన్ లేచి నిలబడింది. కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"మేడమ్, ఒక మాట. ఈ పలక... ఈ పలక మీద మా ఆయన..."

"ఏమైంది షారన్?"

"మా పాప పేరు మేడమ్. వాళ్ళ నాయన రాసినాడు. ఆయన ఇప్పుడు లేడు. ముదురు రంగేస్తే పోతాది. తేటది వేస్తే ఉంటాదంట. డెక్కంతా వద్దు మేడమ్, ఈ ఒక్క పలకకి. లేదంటే ఈ పలక నాకు ఇచ్చేస్తే ఇంటికి..."

"పలక ఇవ్వటం కుదరదమ్మా," అన్నాడు జకరయ్య మెల్లిగా. "జిగురేసి బిగించినాను. పీకితే నిలువునా చీలతాది."

వాణి వచ్చి పలక దగ్గర గొంతుక్కూర్చుంది. అక్షరాల మీద వేలు ఆనించింది. షారన్ పమిట పట్టుకుని వెనక దాక్కున్న అబిని చూసింది. వాణి కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"నువ్వేనా అబిగయీలు?"

అబి తల ఊపింది.

"ఎంత బావుందో చూడు జకరయ్యా! ఎన్ని పలకలు ఉన్నాయి ఇక్కడ, ఒక్కదానికైనా ఇట్లాంటి కథ ఉందా? వాల్‌నట్ వద్దు. డెక్కంతా తేటదే వేద్దాం. పాత పడవలు పాత పడవల్లాగే కనపడాలి. వచ్చినవాళ్ళందరూ ఈ పేరు చూడాలి."

"ఎండకి..." అన్నాడు జకరయ్య.

"ఏడాదికోసారి వేయిద్దాం. ఏం పోయింది!"

షారన్ రెండు చేతులూ జోడించింది. "మిమ్మల్ని దేవుడు చల్లగా చూడాల మేడమ్," అంది.

కారు పోయాక మగ్దలీనమ్మ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. "నోరుంది మే నీకు! ఇన్నాళ్ళూ యాడ దాచిపెట్టినావు?"

*

మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందు సీలరు వెయ్యాలి. పలక వేడెక్కితే లోపలికి తాగకుండా పైనే గడ్డకడుతుంది. చెక్క గీత ఎటుంటే కుంచె అటే పోవాలి. వేసిన కాసేపటికి, తాగకుండా మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయాలి. తుడిచిన గుడ్డల్ని కుప్పగా వేయకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయని జకరయ్య చెప్పాడు. చెప్పినప్పటి నుంచీ షారన్ ప్రతి గుడ్డనీ ఇసుక మీద విడివిడిగా పరిచి, ఎగరకుండా రాళ్ళు పెట్టి, మధ్యమధ్యలో పోయి చెయ్యి ఆనించి చూసి వస్తోంది. వాసన పడదని బిడ్డను ఆరోజు అంగన్‌వాడీలో వదిలింది.

పేరున్న పలక మీదికి ఆమె ఎవరినీ రానివ్వలేదు. చిన్న కుంచె తీసుకుంది. అ మీద మొదటి తడి పడగానే, నీలం కింద ఇన్నేళ్ళూ మసకబారిన పసుపు ఒక్కసారి నిద్ర లేచినట్టయింది. ఎర్రనీడ నెత్తుటి చారలా తేలింది. ఒక్కో అక్షరం దాటుతుంటే ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, పేరో మగ్దలీనమ్మకి వినపడలేదు. లు తోకని ఆండ్రూ కొంచెం ఎక్కువ సాగదీశాడు. ఆ తోక చివర కుంచె వెంట్రుక ఒకటి రంగులో ఇరుక్కుపోయి ఉంది. షారన్ దాన్ని తీయలేదు. దాని మీద కూడా సీలరు వేసింది.

ఆరాక అబిని తీసుకొచ్చి చూపించింది.

"ఇది ఏంది?"

"అ," అంది అబి. అదొక్కటే వచ్చు దానికి.

"దాని పక్కన బి. చూపుడువేలు పెట్టు. ఇట్టా దిద్దు. మీ నాయన ఎట్టా పోయినాడో అట్టానే పో."

అబి బోర్లా పడుకుని దిద్దింది. అక్షరం దాని అరచెయ్యికన్నా పెద్దది. వారం తిరిగేసరికి అయిదు అక్షరాలూ వచ్చేశాయి. సాయంత్రం షారన్ పని ముగించి వచ్చేదాకా అబి అక్కడే ఉండేది. వేలు పెట్టడం, గట్టిగా పలకడం, చివర లు తోక వెంట జర్రున జారిపోవడం.

"అంగన్‌వాడీలో ఇచ్చింది చిన్న పలకమ్మా," అంది ఒకరోజు. "ఇది నా పెద్ద పలక."

ఆ మాట షారన్ ఇంటికి పోయిందాకా తనలో తాను అనుకుని నవ్వుకుంది. చాన్నాళ్ళకి ఆకలేసి అన్నం తిన్నది.

*

శనివారం మొదటి గెస్టులొచ్చారు. నెల్లూరు నుంచి రెండు కార్లు, ఆడామగా పిల్లలూ. షారన్‌కి హాల్లో గ్లాసులు అందించే పని ఇచ్చారు. అబిని వంటగది అరుగు మీద కూర్చోబెట్టి కదలొద్దని చెప్పింది.

సముద్రంలో ఆడి వచ్చినవాళ్ళందరూ మెట్లెక్కి పైకి రావాలి. మెట్లెక్కగానే కాలు పడేది ఆ పలక మీదే. మొదట వచ్చినతను కాలు పెట్టి, అరికాళ్ళకి అంటిన ఇసుకని పలక మీద రుద్ది దులుపుకున్నాడు. వెనకామె చెప్పు మడమ తిప్పి బి మీద రుద్దింది. తర్వాత పిల్లలు తడికాళ్ళతో దూకారు. ఎవరూ కావాలని చేసింది కాదు. కాలిపట్టా ఉండవలసిన చోట ఆ పలక ఉంది. అంతే.

షారన్ ట్రే పట్టుకుని నిలబడిపోయింది.

వాణి వచ్చి చప్పట్లు కొట్టి అందరినీ పిలిచింది. "ఇది చూడండి, ఇది ఒక పడవ పేరు," అని మొదలుపెట్టి ఆండ్రూ కథ చెప్పింది. బాగానే చెప్పింది. ఒకామె అయ్యో అంది. ఆ తర్వాత ఫోన్లు బయటికొచ్చాయి. పేరు ఒక్కటే తీస్తే బాగుండదట, కాళ్ళు కూడా పడాలట. ఇద్దరు ఆడపిల్లలు అ మీద ఒక పాదం, లు మీద ఒక పాదం పెట్టి, గోళ్ళరంగు కనపడేలా వేళ్ళు విప్పి, ఫోను కిందికి తిప్పి తీసుకున్నారు. చెప్పులతో ఒకటి. చెప్పులు లేకుండా ఒకటి.

అబి ఎప్పుడొచ్చిందో షారన్ కొంగు పట్టుకుంది.

"అమ్మా, నన్ను తొక్కుతా ఉండారు."

"నిన్ను కాదు నానా. పలకని."

"నన్నే. అది నేనే గదా, నువ్వే చెప్తివి."

అంగన్‌వాడీలో పలకకి కాలు తగిలితే కళ్ళకద్దుకోమని టీచరు నేర్పింది. ఇంట్లో బైబిలుకి కాలు తగిలితే ఆ పూట షారన్ మనసు మనసులో ఉండదు. అబి కొంగు వదిలి పరుగెత్తింది. ఆడపిల్లల కాళ్ళ మధ్యకి పోయి అక్షరాల మీద బోర్లా పడుకుంది, చేతులు చాపి.

"సో క్యూట్!" అన్నారెవరో. ఆ ఫోటో కూడా తీసుకున్నారు. "ఇంక లే పాపా, కొంచెం పక్కకి జరుగు, మేమూ తీసుకోవాలి," అన్నాడొకతను మెత్తగానే.

షారన్ ట్రే కింద పెట్టి పోయి బిడ్డని ఎత్తుకుంది. అబి కాళ్ళు తన్నుకుంటూ ఏడ్చింది.

ఆ రెండ్రోజులూ షారన్ సందు దొరికినప్పుడల్లా వచ్చి పలక మీది ఇసుకని పమిటతో తుడిచింది. తుడిచి లేచేలోగా మళ్ళీ పడేది. ఒకసారి హాల్లోంచి పూలకుండీ మోసుకొచ్చి యీ మీద పెట్టింది. వాణి నవ్వి దాన్ని తీయించేసింది. "అందరూ చూడాలనే కదా షారన్ మనం ఇంత చేసింది? అడ్డం పెడతావేం?"

ఆదివారం సాయంకాలానికి బి మీద సీలరు కొంచెం తెల్లబడింది. ఇసుక గీసిన సన్నటి గీతలు.

*

"మామా, దీని మీద చింతగింజ రంగు వేసెయ్యి," అంది షారన్ సోమవారం పొద్దున్నే.

జకరయ్య కుర్చీకాలు బిగిస్తున్నాడు. తలెత్తి ఆమె మొహం చూశాడు.

"ఇప్పుడు పట్టదు మే."

"పట్టదంటే?"

"పలక సీలరు తాగేసింది. కడుపు నిండిపోయింది దానికి. ఇంకేం వేసినా లోపలికి తీసుకోదు. రంగు పైన తెట్టుమాదిరి నిలబడి, నాలుగు కాళ్ళు పడంగానే లేచిపోతాది."

"మరి ఎట్టా?"

"గీరాల. సీలరు పోయి పచ్చిచెక్క తేలిందాకా గీరాల. అప్పుడే."

షారన్ మెట్టు మీద కూర్చుంది. సముద్రం వైపు చూస్తూ అడిగింది. "ముందే ముదురుది వేసుంటే?"

ఆయన స్క్రూ ఒకటి నోట్లోంచి తీసి పెట్టెలో వేశాడు. "వేసుంటే అక్షరాలు కింద ఉండేటివి. కనపడేటివి కావు. ఉండేటివి."

పెట్టె మూత వేసి పక్కకి జరిపాడు.

"నేనన్నా చెప్పుండాల్సింది," అన్నాడు మళ్ళీ ఆయనే. "నీ సంతోషం చూసి నాకు తోచలా."

వాణికి ఫోను చేశారు. ఆమె ముందు అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక నొచ్చుకుంది. "నువ్వే కదా షారన్ అంత బతిమాలావు! నీ కోసమే కదా నేను రంగు మార్చింది? అప్పుడే ఫోటోలు కూడా పెట్టేశాం. అందరూ ఆ పలక ఏదని అడుగుతున్నారు." షారన్ ఫోను చెవికి ఆనించుకుని, "తప్పైంది మేడమ్," అంటోంది, "తప్పైంది," అదొక్కటే. ఆఖరికి జకరయ్య ఫోను తీసుకున్నాడు. మెట్ల దగ్గర పలకలు ఎట్లాగూ అరుగుతున్నాయని, అక్కడ ఒక వరస ముదురు రంగేస్తే ఇంటికి గడప మాదిరి అందంగా ఉంటుందని చెప్పాడు. గడప అన్న మాట వాణికి నచ్చింది. "సరే. మళ్ళీ ఇంకో మాట అనకూడదు," అంది.

జకరయ్య మిషను తెచ్చి వైరు విప్పబోయాడు.

"వద్దు మామా. చేత్తో గీరతా."

"చేత్తో అయితే పొద్దు గూకుతాది."

"గూకనీ."

ఆయన గరుకు కాగితం, నున్న కాగితం రెండూ ఆమె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. మగ్దలీనమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. సాయం చేయబోతే షారన్ తల అడ్డంగా ఊపింది. మగ్దలీనమ్మ అట్లాగే కూర్చుంది, ఎగతాళి ఏమీ లేకుండా.

ముందు సీలరు పోయింది, తెల్లటి జిగటపొడిలా కాగితాన్ని పట్టేస్తూ. కాగితం మార్చింది. తర్వాత లు తోక. ఆ చివర ఇరుక్కున్న వెంట్రుక ఒక్క రాపిడికే ఎగిరిపోయింది. ఎక్కడ పడిందో వెతికింది, దొరకలేదు. లు పోయింది. యీ దగ్గర రంగు మందంగా ఉంది, అతను రెండు మార్లు దిద్దినట్టున్నాడు. ఎంత రుద్దినా పోదు. చెక్క గీత వెంటే, గీత వెంటే రుద్దుతోంది. పసుపుపొడి మెడ మీద, కనురెప్పల మీద పడింది. ముక్కుకి గుడ్డ కట్టుకోలేదు. మగ్దలీనమ్మ చూసి తన కొంగు తడిపి ఇచ్చింది. షారన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది, కట్టుకోలేదు.

అ మిగిలింది. ఆగింది. వేలితో ఒకసారి దిద్దింది, బిడ్డకి నేర్పినట్టే. తర్వాత కాగితం మడత మార్చుకుని దాన్నీ రుద్దింది.

రంగు వేసేటప్పటికి ఎండ చల్లబడింది. చింతగింజ రంగుని పచ్చిచెక్క ఆబగా తాగింది. కానీ పేరున్న చోట చెక్క, చుట్టూ ఉన్నట్టుగా తాగలేదు. ఆండ్రూ పూసిన పసుపు కింద ఇన్నేళ్ళు ఎండా ఉప్పూ సోకని మెత్తటి చోటు అది. అక్కడ లేతగా మిగిలింది. ఒక పక్క నుంచి వంగి చూస్తే మాత్రమే తెలిసేంత లేతగా. అ, బి, గ.

జకరయ్య కూడా వంగి చూశాడు. "ఇంకో చెయ్యి వేస్తే కలిసిపోతాది," అన్నాడు. "వెయ్యాల్నా? నేను వేస్తాలే, నువ్వు లే."

షారన్ కుంచె ఇవ్వలేదు. డబ్బాలో ముంచి, అంచుకి రాసి, రెండో పూత వేసింది. గీత వెంట, ఈ చివర నుంచి ఆ చివరకి. ఎక్కడా ఆపకుండా. తర్వాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ఇసుక మీద పరిచి రాయి పెట్టింది.

*

మంగళవారం, బుధవారం ఆ మెట్లకి తాడు కట్టి ఎవరినీ రానివ్వలేదు. గురువారం తాడు విప్పారు. అంగన్‌వాడీ నుంచి వస్తూనే అబి చెయ్యి విడిపించుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తి నిలబడిపోయింది.

"అమ్మా, నా పెద్ద పలక?"

"అదే నానా. రంగేసినాం."

"నా పేరు?"

ఈ మాటకి జవాబు షారన్ మూడు రాత్రులుగా వెతుక్కుంటోంది. "కిందికి పోయింది," అంది. "ఎవురూ తొక్కకుండా మీ నాయన కిందికి పెట్టేసినాడు."

అబి నమ్మింది. అప్పుడే హాల్లోంచి ఎవరో షారన్‌ని పిలిచారు, టేబుళ్ళు తుడవమని. కొత్త గెస్టులొచ్చారు, కావలి కాలేజీ వాళ్ళు, పెద్ద గుంపు. షారన్ పోయి గుడ్డ అందుకుంది. రెండు టేబుళ్ళు తుడిచేసరికి మనసు ఆగలేదు. బయటికొచ్చి సర్విచెట్ల వైపు చూసింది. చాప మీద లేదు. అరుగు మీద లేదు. సముద్రం వైపు చూసింది.

"అబీ! అబీ!"

"ఈడుండా." గొంతు నేలలోంచి వచ్చినట్టు వచ్చింది.

షారన్ వంగి చూసింది. డెక్కు కింద, గుంజల మధ్య చీకట్లో అబి గొంతుక్కూర్చుని ఉంది. పలకల సందుల్లోంచి వెలుతురు దాని మీద చారలు చారలుగా పడుతోంది. తల పైకెత్తి, వేలు పెట్టి పలకల అడుగు వెతుకుతోంది.

"ఏ పలకమ్మా? ఇదా? దీనికి లేదు."

"బయటికి రా తల్లీ. పురుగూ పుట్రా ఉంటాది."

"ఉండు. కనపళ్ళా ఇంకా."

గుంపు సముద్రం నుంచి వచ్చేసింది. మొదటి అడుగు ఆ పలక మీద పడింది. తర్వాత ఇంకొకటి. పలక దడదడలాడింది. ఎవరో కాళ్ళు రుద్దుకున్నారు. ఇసుక సందుల్లోంచి జలజల రాలి అబి జుట్టు మీద, ఎత్తిన మొహం మీద పడింది. అబి కళ్ళు మూసుకుంది కానీ వేలు పలక మీది నుంచి తీయలేదు.

షారన్ మోకాళ్ళ మీద పాకుతూ కిందికి పోయింది. తల తగిలింది, వీపు గుంజకి రాసుకుంది. బిడ్డని లాక్కుని ఒళ్ళో వేసుకుంది. పైన నవ్వులూ, పరుగులూ. అడుగులు తగ్గుతాయేమో, తగ్గాక పోదామని చూసింది. తగ్గలేదు. పమిట విప్పి ఇద్దరి తలల మీదుగా కప్పుకుని, వంగి, అట్లాగే కూర్చుంది.